నాలుగు లక్షల సారు

బాపట్ల నుంచి మొన్న ఒక కార్డు వచ్చింది. చుట్టూ నల్ల అంచు, పైన ఒక వాక్యం, మధ్యలో ఫొటో, ఫొటో కింద "మన ప్రాంత పరిశ్రమలకు విజ్ఞాన దీపం" అని అచ్చువేయించారు. ఆ మాట ఎవరు రాశారో తెలియదు గానీ, బతికుండగా ఆయనే రాసి పెట్టుకుని ఉంటారని నా అనుమానం. పోయినవారిని చెడుగా తలవకూడదని మా నాన్న నేర్పారు. రెండు రోజులు తలవకుండా ఉన్నాను. మూడో రోజు బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే చెడు తలచినట్టు కాదని మనసుకు చెప్పుకుని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన భార్య ఇంకా ఉంది. ఆమె ఒక ఎండపూట నాకు మంచి మజ్జిగ ఇచ్చింది.

ఎనభైల చివర తెనాలిలో మాకొక షెడ్డు ఉండేది. రెండు లేతు మిషన్లు, ఒక కొలిమి, ఇనుము బిగించి పట్టుకునే ఒక పెద్ద వైస్. షెడ్డుకు ఆనుకునే మా ఇల్లు, మధ్యలో ఒక వరండా. నా కాపురమంతా ఆ వరండాలోనే జరిగిందంటే అబద్ధం కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. బడి దూరమని, చర్చిలో ఉపదేశిగా పనిచేసే మా నాన్న నాకు ఇంటి దగ్గరే చదువు చెప్పారు. తెలుగు బైబిలు పక్కన ఇంగ్లీషు బైబిలు పెట్టుకుని వాక్యానికి వాక్యం చదివించేవారు. అందువల్ల ఇంగ్లీషులో నాకు ఆకాశం, భూమి, పాపం ముందు వచ్చాయి. నట్టూ బోల్టూ పెళ్ళయ్యాక వచ్చాయి. రెండింటికీ దేవునికి స్తోత్రం.

మా షెడ్డులో ఎక్కువగా చేసేది ట్రాక్టరుకూ వెనక ట్రక్కుకూ మధ్య గుచ్చే పిన్నులు. జానెడు పొడవు, బొటనవేలుకు రెండింతలు లావు. చూస్తే ఏముంది, ఒక ఇనుప కడ్డీ. కానీ ట్రక్కు మొత్తం దానిమీదే వేలాడుతూ వస్తుంది. ట్రక్కులో ధాన్యమే పోదు, నాట్లకు, కోతలకు పోయే ఆడవాళ్ళు కూడా నిలబడి పోతారు. మా సంఘంలో సగం మంది అట్లా పోయేవాళ్ళే. ఆదివారం నా పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్ళు సోమవారం ఏదో ఒక పిన్ను వెనకాల కాలవ గట్టు మీద పోతుంటారు. మా ఆయన ఈ సంగతి మరిచిపోయేవారు కాదు. ఒక్కో పిన్నునూ కొలిమిలో కాల్చి, రంగు చూసి నీళ్ళలో ముంచేవారు. అది గట్టిపడేది గానీ ఒకటి ఒకలాగా, ఇంకొకటి ఇంకొకలాగా ఉండేది. రేపల్లె నుంచి ట్రాక్టరు సామాన్ల షావుకారు వచ్చి, "మూడొందల పిన్నులు కావాలి బావా. అరగకూడదు, విరగకూడదు. అన్నీ ఒక్కలాగే ఉండాలి" అన్నాడు. ఆ షావుకారు వెంట వచ్చినవారే మన సారు.

సారు ఎక్కడో పెద్ద ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలో చేసి వచ్చారట. ఏ ఊరండీ అంటే "అక్కడ" అనేవారు. ఏ ఫ్యాక్టరీ అంటే "అక్కడే" అనేవారు. తెల్లటి పొడుగు చేతుల చొక్కా, జేబులో మూడు పెన్నులు, చేతిలో గొడుగు. మిషనును చేత్తో ముట్టుకోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. గొడుగు కొసతో చూపించి "ఆ నట్టు" అనేవారు. మా ఆయన వంగి బిగించేవారు. బిగింపు అయ్యాక సారు రుమాలు తీసి తన చేతులు తుడుచుకునేవారు.

"సైన్సుకు నోరు లేదమ్మా. అందుకని దాని బదులు నేను మాట్లాడుతున్నా" అనేవారు. రోజుకు రెండుసార్లయినా అనేవారు. నోరు లేకపోవటం సైన్సుకు ఎంత నష్టమో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

ఒక కన్ను మూసి చూస్తే దేని వేడి ఎంతో చెప్పగలనని ఆయన నమ్మకం. కొలిమిలో ఇనుము చూసి "ఎనిమిది వందల నలభై" అనేవారు. సరే, అది ఇనుము, అనుభవం ఉండవచ్చు. నేను టీ తెచ్చి ఇస్తే దానికీ ఒక కన్ను మూసేవారు.

"ఇది అరవై రెండమ్మా. టీ అంటే అరవై ఎనిమిది ఉండాలి."

"ఇట్టా ఇవ్వండి సార్, మళ్ళీ కాస్తాను."

"వద్దులే. దేశంలో ఎవరికీ తెలియదు, నీకు మాత్రం ఎట్టా తెలుస్తుంది."

ఒకరోజు నేను చేయకూడని పని చేశాను. మూతపెట్టిన స్టీలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, "మజ్జిగ చల్లగా ఉందో లేదో చూడండి సార్" అన్నాను. ఆయన కన్ను మూసి "పదహారు" అన్నారు. గ్లాసులో ఇంకా ఏమీ పోయలేదు. ఆ రోజు ప్రార్థనలో నా తప్పు ఒప్పుకున్నాను గానీ, ఒప్పుకుంటుండగా కూడా పెదవులు బిగించుకోవలసి వచ్చింది.

కరెంటు పోతే అందరం విసుక్కునేవాళ్ళం. సారు మాత్రం వాచీ చూసుకుని "ఆ, రెండూ పది. చెప్పిన టైముకే తీశాడు" అని తల ఊపేవారు. ఆయనకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మేం అడగలేదు. అడిగితే "అక్కడ" అంటారని తెలుసు.

కొలిమి లాభం లేదని, ఇండక్షన్ మిషను పెట్టమని సలహా ఇచ్చింది సారే. ఆ సలహా తప్పని నేను అనను. ఆ మిషనులో నిప్పు ఉండదు. రాగి గొట్టాన్ని చుట్టలాగా తిప్పి, అందులో నీళ్ళు పారిస్తూ కరెంటు పంపుతారు. చుట్ట మధ్యలో పిన్ను నిలబెడితే చుట్టకు అంటకుండానే, పొగ లేకుండానే, ఇనుము తనంతట తానే ఎర్రబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మండుతూ కాలిపోని పొద గురించి బైబిల్లో చదివినదాన్ని. ఇక్కడ మంటే లేకుండా మండుతోంది. ఇలాంటిది నా కళ్ళకు చూపించినందుకు వందనాలు చెప్పుకున్నాను. ఆ వందనాల్లో సారుకు కూడా కాస్త వాటా ఇచ్చాను. తర్వాత వెనక్కి తీసుకున్నాను.

ఎందుకంటే అసలు సంగతి మిషనులో లేదు, దాని వెనక బీరువాలాగా నిలబడే కరెంటు సప్లైలో ఉంది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ సప్లై యాభైని వేలల్లోకో లక్షల్లోకో పెంచి చుట్టకు పంపుతుంది. మూతపడిన ఒక కర్మాగారం సామాన్లలో రెండు రకాల సప్లైలు అమ్మకానికి ఉన్నాయని తెలిసింది. ఒకటి మోటారూ జనరేటరూ కలిసిన పాతరకం, సెకనుకు పదివేలసార్లు తిప్పేది. రెండోది పాత రేడియోల్లో ఉండేలాంటి పెద్ద గాజు వాల్వు ఉన్నది, నాలుగు లక్షలసార్లు తిప్పేది. ఏది తీసుకోవాలని మా ఆయనా షావుకారూ సారును అడిగారు.

సారు గొడుగు నేలకు ఆనించి, ఆ ఇద్దరినీ చిన్నపిల్లల్ని చూసినట్టు చూశారు.

"పదివేలు పెద్దదా, నాలుగు లక్షలు పెద్దదా?"

"నాలుగు లక్షలేనండి."

"మరి నన్నెందుకు అడుగుతారు?"

అంతే. అక్కడితో నిర్ణయం అయిపోయింది. మా వైపు మగవాళ్ళు మోటారు కొనాలంటే హార్స్‌పవరు చూస్తారు. పొరుగువాడు అయిదు పెడితే వీళ్ళు ఏడున్నర పెడతారు. ఎక్కువ అంటే ఎక్కువే. కాబట్టి నాలుగు లక్షలు వినగానే ఎవరికీ అనుమానం రాలేదు, అందరికీ ఛాతీ కాస్త పెరిగింది. ఆ రోజు నుంచి తెనాలిలో ఆయన పేరు నాలుగు లక్షల సారు. ఎదురింటి వాళ్ళు అది ఆయన జీతం అనుకుని చాలా రోజులు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. సారు వాళ్ళ పొరపాటు దిద్దలేదు.

మిషనుతోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. గోధుమరంగు అట్ట, లోపల అంకెల పట్టీలు. సారు దాన్ని బల్ల కాలు కింద ఎత్తుగా పెట్టించారు. బల్ల ఊగటం ఆగింది. ఆ పుస్తకం వల్ల ఆయన పొందిన ఉపయోగం అదే. ఒక మధ్యాహ్నం నేను దాన్ని లాగి, దాని స్థానంలో చెక్కముక్క పెట్టి, వరండాలో కూర్చుని చదివాను. అన్నీ అర్థం కాలేదు. నాన్న చెప్పినట్టు, అర్థం కానిచోట ఆగి మళ్ళీ చదివాను. నాలుగో రోజుకు ఒక పట్టీ అర్థమైంది. ఎక్కువసార్లు తిరిగే కరెంటు ఇనుము పైపొరలోనే వేడి పుట్టిస్తుంది. తక్కువసార్లు తిరిగేది లోపలికి దిగుతుంది. సన్నటి సూదులకు, పలుచని పొర చాలే వస్తువులకు లక్షలు కావాలి. మా పిన్నుల్లాంటి లావు కడ్డీలకు, బరువు మోసేవాటికి వేలే కావాలి.

నాకిది వంటింటి భాషలోనే అర్థమైంది. నూనె మరీ కాగిపోయాక గారె వేస్తే పైన ఎర్రగా వేగిపోతుంది, విరిస్తే లోపల పచ్చిపిండి. ఇంకాస్సేపు ఉంచితే లోపల ఉడుకుతుందని ఉంచితే పైన మాడిపోతుంది. ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన మెత్తని మనిషి. ఇనుము దగ్గర తప్ప ఎక్కడా గట్టిగా ఉండలేరు. మర్నాడు నన్ను పక్కన నిలబెట్టుకుని సారును అడిగారు.

సారు పుస్తకం వైపు చూడలేదు, నా వైపు చూశారు.

"అమ్మా, ఇది రాసినవాళ్ళది చలిదేశం. అక్కడ ఇనుము మంచుముక్కలాగా ఉంటది. మన తెనాలి ఎండకు పిన్ను ముందే సగం వేడెక్కి వచ్చిద్ది. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు."

"మరి వానాకాలంలో అండి?" అన్నాను.

"వానాకాలంలో నేను ఉంటాగా" అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగి మెల్లగా, "సారు చెప్పారుగా" అన్నారు. ఆ రెండు మాటలు మా ఇంట్లో ఆ ఏడాది ఎన్నిసార్లు వినపడ్డాయో.

రాగి చుట్టలో పారే నీళ్ళు శుభ్రంగా ఉండాలని కూడా ఆ పుస్తకంలో ఉంది. సారు "నీళ్ళు నీళ్ళే" అని, కాలవ నుంచి పీపాలతో తెప్పించారు. కొత్తనీరు వచ్చే రోజులు, కాఫీరంగులో ఉన్నాయి. వారం తిరక్కుండా చుట్టలో ఒండ్రు పేరుకుని, ఒక పక్క టప్పుమని పేలి కాలిపోయింది. సారు దాన్ని గొడుగుతో అటూ ఇటూ దొర్లించి, "అలసిపోయింది" అన్నారు. రాగి అలసిపోతుందని నాకు అంతవరకు తెలియదు. మర్నాటి నుంచి నేను పాత చీర నాలుగు మడతలు వేసి, పీపా మూతికి కట్టి, నీళ్ళు వడపోయటం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఒక్క చుట్టా అలసిపోలేదు. నెలరోజులకు పొన్నూరు నుంచి ఎవరో మిషను చూడటానికి వస్తే, సారు నా చీరను గొడుగుతో చూపించి, "ఇది మన సొంత డిజైను" అని చెబుతుంటే వరండాలోంచి విన్నాను.

ఆయన ఇంటికి ఒకసారే వెళ్ళాం. బాపట్లలో మా చుట్టాల ఇంటి పెళ్ళికి వెళ్ళి, మర్యాదకు పలకరిద్దామని మా ఆయన అంటే వెళ్ళాం. సారు ఇంట్లో లేరు. ఆయన భార్య తాటాకు విసనకర్రతో విసురుకుంటూ తలుపు తీసింది. పైన ఫ్యాను ఉంది, తిరగటం లేదు.

"కరెంటు లేదా అక్కా?" అన్నాను.

"కరెంటు ఉందమ్మా. ఆయన చెయ్యి పెట్టకముందు తిరిగేది" అంది.

ఆమె అది నవ్వుతూ చెప్పలేదు, కోపంగానూ చెప్పలేదు. బయట ఎండగా ఉంది అన్నట్టు చెప్పి మజ్జిగ తేవటానికి లోపలికి వెళ్ళింది. మా ఆయన తల ఎత్తి ఆ ఫ్యానును చాలాసేపు చూశారు. దారిలో నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండే శక్తి ఇచ్చినందుకు రైల్లోనే వందనాలు చెప్పుకున్నాను.

పిన్నుల పని మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి పక్కన రైసుమిల్లు మోటార్లు తిరిగి మా ఓల్టేజి పడిపోయేది. వాల్వులో వెలుగు చిక్కిపోయేది. సారు "ఇంకాస్సేపు ఉంచు" అనేవారు. పిన్ను పైన ఎరుపు దాటి, పసుపు దాటి, తెల్లబడి నిప్పురవ్వలు రాలే దాకా ఉంచేవారు. అప్పుడు నీళ్ళలో ముంచితే టిక్ అని ఒక సన్నటి చప్పుడు వచ్చేది. అన్నిటికీ కాదు, రెండింటికో మూడింటికో ఒకసారి.

"ఏంటి సార్ ఆ చప్పుడు?" అని మా ఆయన అడిగారు.

"గట్టిపడేటప్పుడు ఇనుము నవ్వుద్దయ్యా" అన్నారు సారు.

నాకు ఆ నవ్వు నచ్చలేదు. గాజు గ్లాసులో వేడినీళ్ళు పోస్తే వచ్చే చప్పుడు అది. ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది.

సారు పరీక్ష చేసే తీరు ఒక్కటే. పిన్ను మీద ఆకురాయి పెట్టి రుద్దించేవారు. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టి పొడి రాలుతుంది. గట్టి ఇనుమైతే జారిపోతుంది. అది సర్రున జారగానే "జారిందా లేదా?" అనేవారు. జారేది. పైపొర గాజులాగా ఉంటే జారక ఏం చేస్తుంది. ఆ పొర ఎంత మందమో, కింద ఏముందో తెలియాలంటే ఒక పిన్నును విరగ్గొట్టి చూడాలని పుస్తకంలో ఉంది. ఆ మాట మా ఆయనతో అంటే, "చేసిన సరుకు విరగ్గొట్టుకుంటామా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. మా పనివాళ్ళెవరూ మంచి సరుకు మీద సమ్మెట ఎత్తరు, చెయ్యి రాదు. సారుకు అది బాగా తెలుసు.

ఒకరోజు ఒక పిన్ను బల్ల మీద నుంచి దొర్లి సిమెంటు నేల మీద పడింది. కొసన ఒక పెచ్చు లేచిపోయింది, మామిడి జీడి మీద పెంకు లేచినట్టు. షెడ్డులో ఆ సమయానికి సారు ఒక్కరే ఉన్నారు, వరండాలో నేను. ఆయన అటూ ఇటూ చూశారు. నన్ను చూడలేదు, లేక నన్ను లెక్కలోకి తీసుకోలేదు. బూటుతో ఆ పెచ్చును బల్ల కిందకు నెట్టి, పిన్నును చేత్తో కుప్ప అడుగుకు తోశారు. తర్వాత రుమాలు తీసుకున్నారు. ఆ రోజు మొదటిసారి ఆయన చేతులకు నిజంగా మసి అంటింది.

మా ఆయనకు చెప్పాను. "ఒక్కటి పోతే పోయిందిలే, సారు చూశారుగా" అన్నారు. చూశారనే నేనూ చెప్పింది.

వారం తర్వాత పొద్దున పదింటికి రేపల్లె ట్రాక్టరు మా షెడ్డు ముందు ఆగింది. షావుకారు మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాడు. వెనక ట్రక్కులో ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళది సంగం జాగర్లమూడి. షావుకారు పొలంలో వారం రోజులు నాట్లు వేసి, గిన్నెలూ దుప్పట్లూ మూటగట్టుకుని ఇళ్ళకు పోతున్నారు. వాళ్ళను దింపి, తిరిగి వచ్చేటప్పుడు పిన్నులు ఎక్కించుకుని పోవాలని షావుకారు ఏర్పాటు.

సారు ఆకురాయి తెప్పించి, అందరి ముందూ రుద్దించారు. జారింది. షావుకారు సంతోషించాడు.

"ముందు నా ట్రక్కుకే ఒకటి పెట్టు బావా. పాతది సగం అరిగింది, దారంతా ఊగుతూ వచ్చాం."

పాత పిన్ను తీసి కింద పడేశారు. కుప్పలోంచి ఒక కొత్తది తీసి గుచ్చారు. నీలంగా మెరుస్తూ అందంగానే ఉంది. షావుకారు సారు వైపు తిరిగాడు.

"బస్టాండుకేగా సారూ, రండి. మడ్‌గార్డు మీదయితే చొక్కా నల్లబడిద్ది, వెనక కుర్చీ వేయిస్తా."

మా వరండాలోని చెక్క కుర్చీ ట్రక్కులో వేశారు. ఆడవాళ్ళు మూటలు జరుపుకుని చోటిచ్చారు. సారు గొడుగు ముందు లోపల పెట్టారు. ఒక కాలు ఎత్తారు. అప్పుడు కిందకు చూశారు, ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య, కొత్త పిన్ను వైపు. ఎత్తిన కాలు దించారు. గొడుగు తీసుకున్నారు.

"మీరు పోండి. నేను నడుస్తా. నడక మంచిది" అన్నారు.

రిక్షా లేకుండా బస్టాండు నుంచి మా షెడ్డుకు ఏనాడూ రాని మనిషి.

నేను అప్పటికి నీళ్ళు వడపోస్తున్నాను. చేతిలో చెంబు కింద పెట్టి లేచాను. బయటివాళ్ళ ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. కాలు వల్ల నలుగురి ముందు నడవటం కూడా ఇష్టం ఉండదు. సంగం జాగర్లమూడి దాకా కాలవ గట్టే. ముందురోజు వాన పడి గట్టు జారుగా ఉంది. ట్రక్కు విడిపోతే పోయేది నీళ్ళలోకే.

"అమ్మా, మీరు దిగండి" అన్నాను ఆడవాళ్ళతో.

షావుకారు ఆశ్చర్యపోయాడు. "ఏంటి చెల్లెమ్మా?"

"ఆ పిన్ను తీసి, ముందు విరిగిద్దో లేదో చూడండి అన్నయ్యా. తర్వాత ఎక్కిద్దురు."

మా ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వు లోపలికెళ్ళు" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

నేను లోపలికి వెళ్ళలేదు. సారు వైపు తిరిగి, "సార్, మీరు ఎక్కి కూర్చోండి. మీ పక్కన నేనూ కూర్చుంటా. ఇద్దరం కలిసి సంగం జాగర్లమూడి దాకా పోయి వద్దాం. అప్పుడు నా నోరు మూతపడిద్ది" అన్నాను.

"నాకు బస్సు టైమైందమ్మా" అన్నారు సారు.

"బాపట్లకు గంటకో బస్సు ఉంది సార్."

"ఆడవాళ్ళతో నాకు వాదన ఏంటి" అని ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన "సారు చెప్పారుగా" అంటారని నేనూ చూస్తున్నాను.

మా ఆయన సారు కాళ్ళ వైపు చూశారు, ట్రక్కులో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశారు. వెళ్ళి పిన్ను తీశారు. షెడ్డులోకి తెచ్చి, సగం పైకి ఉండేలా వైస్‌లో బిగించారు. సమ్మెట ఎత్తారు. చేసిన సరుకు మీద ఆయన చెయ్యి పడటం నేను చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఒక్క దెబ్బ. ఆ చప్పుడు ఇనుముది కాదు, పెంకుది.

విరిగిన ముక్క తెచ్చి షావుకారు చేతిలో పెట్టారు. అంచు చుట్టూ గోరంత మందాన తెల్లటి వలయం, లోపలంతా బూడిదరంగు. వలయంలోంచి లోపలికి పిన్ను నడిమిదాకా ఒక నల్లటి గీత. ఆ పగులు ఇప్పటిది కాదు, నీళ్ళలో ముంచినప్పటిది. ఇనుము నవ్విన చోటు అది.

"ఒకటి అట్టా ఉండొచ్చు" అన్నారు సారు.

మా ఆయన సమ్మెట పిడి ఆయన వైపు చాపారు. "మిగతావాటిలో మంచిది మీరే ఏరి ఇవ్వండి సార్. మీరే కొట్టండి."

సారు కుప్ప వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. వాచీ చూసుకున్నారు. "మీ ఓల్టేజి మంచిది కాదయ్యా. నేను ముందే అన్నా" అని గొడుగు చంకలో పెట్టుకుని గేటు దాటారు. మా ఆయన వరసగా ఇంకో రెండు విరగ్గొట్టారు. రెండూ అట్లాగే పోయాయి. మూడోదానికి షావుకారు చెయ్యి పట్టుకున్నాడు. "చాల్లే బావా. నేను ఇంకా చూడలేను."

షావుకారు కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. కింద పడేసిన పాత పిన్ను వెతికి, తుడిచి, తనే గుచ్చాడు. దిగి నిలబడిన ఆడవాళ్ళలో పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. మోకాళ్ళ దాకా ఇంకా బురద ఎండి ఉంది.

"ఇప్పుడెక్కొచ్చా అమ్మా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి పాత పిన్నును చేత్తో తడిమి, "ఎక్కండి. అరిగింది గానీ విరగదు. గట్టు మీద మెల్లగా పోనివ్వండి" అన్నారు. మా కుర్చీ దించి ఇచ్చి, వాళ్ళు ఎక్కారు.

ట్రాక్టరు కదిలింది. సారు అప్పటికి మలుపు దాకా పోలేదు, ఎండలో గొడుగు వేసుకుని నడుస్తున్నారు. ట్రక్కు ఆయన పక్కకు వచ్చేసరికి పెద్దావిడ చేత్తో పిలిచింది. ఆ గొంతు గేటు దగ్గర నిలబడిన మాకు వినపడింది.

"ఏమయ్యా, ఎండలో ఎందుకు, ఎక్కు. పాత పిన్నే పెట్టార్లే."

ట్రక్కులో ఆడవాళ్ళందరూ నవ్వారు. ట్రాక్టరు నెమ్మదించింది. సారు నిలబడ్డారు. ముందుకు చూశారు, వెనక్కి చూశారు, వంగి ట్రక్కు ముందుభాగం కింద చూశారు. గొడుగు ముడిచారు. ఎక్కారు. ఆవిడే చెయ్యి అందించింది.

మా ఆయన అది చూసి షెడ్డులోకి వెళ్ళి మిషను మెయిను స్విచ్చి ఆపేశారు. పిన్నులన్నీ పాత ఇనుము పక్కన కుప్పపోశారు. చేతులు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చున్నారు. రోజూ ప్రార్థన ఆయనే చేస్తారు. ఆ రోజు నన్ను చేయమన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను. అన్నం కోసం చెప్పాను. ఆ ఆరుగురు ఇళ్ళకు క్షేమంగా చేరాలని చెప్పాను. సారు గురించి కూడా ఏదో ఒకటి చెప్పాలి. నిజం కానిది ప్రార్థనలో అనకూడదు కదా. చివరకు, "ప్రభువా, ఆ మనిషికి తన ప్రాణం మీద అంత తీపి ఇచ్చినందుకు నీకు స్తోత్రం" అన్నాను.

మా ఆయన ఆమేన్ అని, చారు పొయ్యమన్నారు.